మింగా

ఆ దీవిలో మింగా అనే మాటకి
మన మింగడంతో ఏ చుట్టరికమూ లేదు.
సముద్రం పెరడు కొరుక్కు తింటుంటే
ఇంటిని ఇంటిలాగే లేపి, దుంగల మీద పెట్టి,
ఎడ్లను పూన్చి, ఊరంతా మోకులు పట్టి
పక్క కొండకు లాక్కుపోతారు.
కిటికీ తెరలైనా విప్పరు.
కూలి ఉండదు. సాయంత్రం గోతిలో కాలిన రాళ్ళ మీద
ఆల్చిప్పలూ బంగాళాదుంపలూ, అంతే.

ఎలియూతెరియో రెమొల్‌కోయ్ అక్కడ కేక వేసే మనిషి.
అరవై ఒక్కేళ్ళ పడవల వడ్రంగి.
పన్నెండు జతల ఎడ్లు ఒకేసారి అడుగెయ్యాలంటే
గొంతు ఒక్కటే ఉండాలి,
ఇద్దరు అరిస్తే ఇల్లు నడుమ విరుగుతుంది అంటాడు.
అనేవాడు.
నాలుక ఎడమ అంచున గోరంత పుండు.
మూడు నెలలైనా మానలేదు.

వాల్దివియా ఆసుపత్రి. గురువారం, పొద్దున ఏడున్నర.
బయట వాన. నది ఒడ్డున సముద్రసింహాలు
ముసలివాళ్ళలా దగ్గుతున్నాయి.
బల్ల చుట్టూ తొమ్మిదిమంది.
గోడ మీద ఆయన దవడ, కొరికిన చంద్రుడిలా.

కోస్తే పోతుందంటాడు సర్జన్.
ఎంత కోస్తే? అంటుంది రేడియేషన్ డాక్టరు.
పాథాలజిస్టుకి ఆ మనిషి మొహం తెలియదు,
ఆయన కణాలు మాత్రం చుట్టాలంత తెలుసు.
పళ్ళ డాక్టరు కుర్రాడు, ఈ గదికి కొత్త,
కిరణాలకు ముందే నాలుగు పళ్ళు తీసెయ్యాలి,
తర్వాత తీస్తే ఎముక మానదు అని
బడిలో లేచినట్టు లేచి నిలబడి చెబుతాడు.
మింగడం నేర్పే ఆవిడ
ఇవాళే మొదలుపెడతానంటుంది.
పోయాక కాదు, పోకముందే.

నర్సు ఒర్టెన్సియా రాసుకుంటూ కూచుంది.
అందరూ లేవబోతుంటే తలెత్తింది.
"గాలి లేస్తే రేవు మూస్తారు.
సోమవారం ఇక్కడుండాలంటే శనివారమే దాటాలి.
రెండు రాత్రులు ఎక్కడ పడుకుంటాడు?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
ఏ స్కాన్‌లోనూ పడలేదు ఆ ప్రశ్న.

"భార్య దొమితిలాకి చదువు రాదు.
సీసాలకి రంగులు పూసి పంపుతాను,
పొద్దుటిది పసుపు, రాత్రిది నీలం.
ఇంకొకటి. నాన్న మళ్ళీ కేక వేస్తాడా అని
కూతురు అడిగింది.
ఎవరు చెబుతారో ఇప్పుడే తేల్చండి.
ముగ్గురు మూడు రకాలుగా చెప్పొద్దు."

సర్జన్ చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.
నేను చెబుతాను, అన్నాడు.
నువ్వు పక్కనుండు.

అన్నీ అనుకున్నట్టు జరగలేదు.
ఒక కాగితం వేరే దీవికి పోయింది.
పడవ నాలుగు రోజులు రేవులోనే ఊగింది.
నీలం సీసా ఒలికితే దొమితిలా
రాత్రంతా ఆ మరకకేసి చూస్తూ కూచుంది,
పొద్దున్నే పక్కింటి ఫోను అడుక్కుని
ఒర్టెన్సియాని నిద్ర లేపింది.
ఆమె తిట్టలేదు. ఎంత ఒలికింది? అంది.

ఇప్పుడు వంటింట్లో
కట్టెల పొయ్యి పక్కన ఆయన.
గడ్డం ఛాతీకి ఆనించి, ఊపిరి బిగబట్టి,
నేర్పినట్టే, నేర్పినట్టే.
చెంచా ఆయన నోట్లో,
గుటక ఆమె గొంతులో.

ఒక గురువారం, ముప్ఫై నాలుగో కేసు అయ్యాక,
ఒర్టెన్సియా నోటుబుక్కులోంచి చదివింది:
"రెమొల్‌కోయ్. ఏడు చెంచాలు."
ఎవరూ నవ్వలేదు.
పళ్ళ డాక్టరు కుర్రాడు, ఈసారి కూచునే,
ఏం పెట్టారు? అని అడిగాడు.

బంగాళాదుంప మెదిపి,
ఆల్చిప్పల నీళ్ళలో కలిపి.